సెల్సు లేని పెట్టె

మద్రాసు కవరు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. శనివారం మధ్యాహ్నం పోస్ట్‌మాన్ వీర్రాజు తెచ్చిచ్చిన ఆ కవరుని సత్యానందం మాస్టారు వీధరుగు మీద నిలబడే చింపేరు, నిలబడే చదివేరు. గుమ్మంలో ఉన్న రూతు ఆయన మొహం చూసింది. ఆ మొహం వెలిగిపోయింది. అది చూసి ఆవిడ గుండెల్లో రాయి పడింది. మొగుడి మొహం వెలిగితే పెళ్ళాం గుండెల్లో రాయి పడ్డమేమిటని పోయిన వారం మీలో కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, ఫర్వాలేదు. ఇవాళ చెప్పబోయేది అదే.

ముందు, కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. రూతు పుట్టుచెవిటిది కాదు. పెళ్ళయిన కొత్తలో రాజోలు గుడిలో ఆవిడ పాటెత్తుకుంటే వెనక బెంచీల్లో కునికే పెద్దమనుషులు కూడా సర్దుకుని కూర్చునేవారు. పిల్ల కడుపులో ఉండగా ఆరో నెలలో క్షయ బయటపడింది. అప్పట్లో ఆ జబ్బుకి అందరికీ చేసే ఇంజెక్షన్లే ఆవిడకీ చేసేరు. ఊపిరితిత్తులు బాగయ్యేయి. ఆ మందుకి చెవుల్లో మాత్రం ముందు కీచురాళ్ళు మొదలయ్యేయి, కొన్నాళ్ళకి అవీ ఆగిపోయేయి. కాన్పయ్యేక పక్కలో పిల్ల ఇంత నోరు తెరిచి ఎర్రగా కందిపోతుంటే, "పిల్ల ఏడవదేంటండీ?" అని నర్సునడిగింది రూతు. ఆ నర్సు పక్కమంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల పేరు ఇందిర. ఇప్పుడు ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో రూతు పిల్ల గొంతు ఒక్కసారి కూడా వినలేదు.

నాలుగు నెలల కిందట మొగుడూ పెళ్ళాలు మద్రాసు వెళ్ళి రూతు చెవులు పరీక్ష చేయించుకొచ్చేరు. అక్కడ పైదేశంలో నేర్చుకొచ్చిన పెద్ద డాక్టరుగారొకరు కొత్త ఆపరేషన్ మొదలుపెడుతున్నారు. చెవి వెనక ఎముకలో చిన్న బిళ్ళ అమర్చి, దాన్నుంచి సన్నని తీగొకటి చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే చోటికి పంపిస్తారు. బయట జేబులో ఒక పెట్టె. మొదటి విడతలో నలుగురికి చేస్తారు. ముగ్గురు కుదిరిపోయేరు. నాలుగో చోటు రూతుకిస్తారో మరొకరికిస్తారో ఆ కవరులోనే ఉంది.

ఆదివారం గుడి నుంచి వచ్చి భోజనాలయ్యేక, మాస్టారు పలకా బలపం తడిగుడ్డా పట్టుకుని అరుగు మీద రూతుకెదురుగా కూర్చున్నారు. ఆ ఇంట్లో చిన్నమాటలు పెదాల మీద, పెద్దమాటలు పలక మీద. పైగా అది మామూలు ఉత్తరమా, ఇంగ్లీషులో టైపు కొట్టిన మూడు పేజీలు. మాస్టారు పలక నిండా రాసి చూపించడం, రూతు తల ఊపేక తుడవడం, మళ్ళీ రాయడం. లోపల గదిలో అత్తగారు సువార్తమ్మ మంచం మీద రేడియో పక్కనెట్టుకుని ఒత్తిగిల్లింది. ఇందిర ఇంకా సండే స్కూలు నుంచి రాలేదు.

మొదటి పలక: నీ ఎడమ చెవిలో వినికిడి కొంత మిగిలే ఉందని పరీక్ష కాయితంలో తేలిందిట.

రెండో పలక: ఈ యంత్రం రెండు చెవుల్లోనూ వినికిడి మొత్తం పోయినవాళ్ళకేనట. తీగ లోపలికెళ్తే మిగిలిన కాస్తా కూడా పాడైపోవచ్చుట. అందుకని నీకొద్దంటున్నారు. నీకు ఇప్పుడు మెళ్ళో వేసుకుంటున్న వినికిడి జేబుపెట్టె చాలుట.

రూతు తల ఊపింది. మాస్టారు తడిగుడ్డతో పలక తుడిచి ఇంకా ఉత్సాహంగా రాసేరు. ఈ యంత్రం ఇంకా మొదటి మెట్టు మీదే ఉందట. తీగ ఒక్కటే కాబట్టి మాటలు తెలియవు, చప్పుడైందని మాత్రం తెలుస్తుందట. ఎవరో పిలిచేరనీ బస్సొచ్చిందనీ తెలుసుకుంటూ పెదాలు చూసుకోవాలట. ముందుముందు ఒక తీగ చోట ఇరవై తీగలు వస్తాయిట, పదీ పదిహేనేళ్ళలో మనిషి ఫోన్లో మాట్లాడేంత బాగా వినిపిస్తుందిట. వినికిడి లేకుండా పుట్టిన పసిపిల్లలకి కూడా పెడతారుట, దాంతోనే మాటలు నేర్చుకుంటారుట. ఇప్పుడు తీగ పెట్టిన చెవిలో రేపు మంచిది పెట్టడానికి వీలవుతుందో లేదో ఆయనకే రూఢిగా తెలీదుట. కాబట్టి నువ్వు ఆగినా నష్టం లేదుట. కొత్త సంగతేదైనా ఉంటే పదిహేనో తారీకులోగా రాయమన్నారు, లేకపోతే నాలుగో చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారుట.

చివర్న మాస్టారు పలక పక్కన పెట్టి, నవ్వుతూ పెదాలతోనే చెప్పేరు. డాక్టరుగారు ఎంత మర్యాదస్తుడో చూసేవా, ఈసారి వస్తే పాపని కూడా తీసుకురమ్మని రాసేరు అని. ఆ మాట ఇక్కడ గుర్తుపెట్టుకోండి. మాస్టారు మర్యాద కింద జమకట్టేరు, రూతు కూడా అలాగే అనుకుంది. మనవాళ్ళకి ఎవరేమన్నా ముందు మర్యాదగానే కనిపిస్తుంది.

"వినిపిస్తోందని ఆయనే రాసేరు రూతూ," అన్నారు మాస్టారు. "పెట్టె పనిచెయ్యట్లేదని మా అన్నయ్య ఎన్నిసార్లు అన్నాడు. వచ్చే ఆదివారం గుడిలో కృతజ్ఞత కానుక వేద్దాం. పాస్టరుగారికి చెప్పేను కూడా."

రూతు ఆయన కళ్ళలోకి చూడలేక చేతిలో లేసు వైపు చూసుకుంది. జాకెట్టు మెడకి కుట్టే గల్లా సగం అల్లి ఉంది. రాజోలు చుట్టుపక్కల ఆడవాళ్ళ చేతుల్లో ఎప్పుడూ ఉండే లేసు సూదే ఆవిడ చేతిలోనూ ఉంది. కానీ దారం కదలడం లేదు.

ఆ పరీక్ష ఎలా జరిగిందో ఆవిడకి తెలుసు, దేవుడికి తెలుసు. మూడోవాడికి తెలీదు. అద్దాల గదిలో కూర్చోబెట్టి తలకి రెండు గిన్నెల్లాంటివి తగిలించేరు. శబ్దం వినపడితే వేలెత్తమన్నారు. అద్దానికి అవతల ఒక పడుచుపిల్ల యంత్రం దగ్గర కూర్చుని మీటలు తిప్పుతోంది. పొద్దుటి నుంచీ ఎంతమందిని చూసిందో ఏమో, మొహం వాడిపోయి ఉంది. మీట తిప్పినప్పుడల్లా ఆ పిల్ల తలెత్తి రూతు వైపు చూసేది. ఆ చూపులో ఎంత ఆశ ఉందంటే, కాదనడానికి రూతుకి మనసొప్పలేదు. వేలెత్తింది. ఆ పిల్ల మొహం విచ్చుకుంది. పిల్ల వెనకాల, తలుపు పక్కన మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన మొహమూ విచ్చుకుంది. ఇంకేముంది. ఆ పిల్ల తలెత్తిన ప్రతిసారీ రూతు వేలెత్తింది. ఒక చెవి దగ్గర అలా ఎత్తేసి, రెండో చెవికొచ్చేసరికి బుద్ధొచ్చి మానేసింది. అంచేతే ఎడమ చెవిలో వినికిడి మిగిలింది, కుడి చెవిలో మిగల్లేదు. డాక్టరుగారి తప్పేం లేదు. యంత్రం తప్పూ లేదు. ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఒంట్లో బాగోకపోయినా బాగున్నామండీ ఆయ్ అనే మనుషులం మనం, ఆ ఆయ్‌ని పట్టుకెళ్ళి పరీక్షగదిలో కూడా అనేసింది రూతు.

అబద్ధం అక్కడితో మొదలవలేదు, అదీ బాధ. మూడేళ్ళ కిందట మాస్టారు కాకినాడ నుంచి జేబుపెట్టె తెచ్చి, తీగ ఆవిడ చెవిలో పెట్టి, వెనక్కెళ్ళి నిలబడి "రూతూ" అని పిలిచేరు. ఆయన కాలు తగిలి రూతు కూర్చున్న చెక్కపీట కదిలింది. ఆ కదలిక పట్టుకుని రూతు వెనక్కి తిరిగింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేయి. ఇక ఆ మనిషికి ఏం చెప్తాం చెప్పండి. పెట్టె వల్ల చెవిలో వినిపించింది ఏమీ లేదు, దవడ అదిరేది, సాయంత్రానికి తలనొప్పి. వారం తిరిగేసరికి ఆవిడ సెల్సు తీసేసి, ఖాళీ పెట్టెకి తనే లేసుతో సంచి అల్లి, మెళ్ళో వేసుకు తిరుగుతోంది. మాస్టారు నెలనెలా అమలాపురం నుంచి కొత్త సెల్సు తెస్తున్నారు. ఆవిడ నెలనెలా పుచ్చుకుంటోంది.

ఇన్నాళ్ళూ ఆ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదనుకుంది. ఇప్పుడది పిల్ల గొంతుకి అడ్డంగా వచ్చి కూర్చుంది. పదిహేనో తారీకుకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

రూతు మెళ్ళోంచి లేసు సంచి తీసింది. పెట్టె బయటికి తీసి, వెనక మూత జరిపి, పలక మీద బోర్లించింది. ఏమీ రాలలేదు. మాస్టారు ఆ ఖాళీ పెట్టె చూసేరు, ఆవిణ్ణి చూసేరు, మళ్ళీ పెట్టె చూసేరు.

"సెల్సు అయిపోయాయా?" అన్నారు.

"వెయ్యనే లేదండీ. మూడేళ్ళయింది," అంది రూతు. గొంతు పెద్దదైపోయిందో ఏమో, ఆయన అలవాటుగా అరచెయ్యి కిందికి తిప్పి తగ్గించమన్నట్టు సైగ చేసేరు. చేసేక ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

రూతు దాచలేదు. చెక్కపీట సంగతి చెప్పింది, పరీక్షగదిలో పిల్ల సంగతి చెప్పింది, వేలు సంగతి చెప్పింది.  మాస్టారు లేచి అరుగు దిగి, కాలవగట్టు దాకా వెళ్ళి నిలబడ్డారు. అవతలి గట్టున ఎవరో కొబ్బరికాయలు పడవలోకి విసురుతున్నారు. కాయ నీళ్ళలో పడినప్పుడల్లా నీళ్ళు చెదరడం రూతుకి కనిపిస్తోంది. ఆవిడకి ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. మూడేళ్ళు ఒక మంచి మనిషిని మోసం చేసేనే అనుకుంది.

ఆయన తిరిగొచ్చి కూర్చునేసరికి గుమ్మంలో సువార్తమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలీదు. చంకలో రేడియో. ఆవిడ కోడలికెదురుగా వచ్చి, మొహం కనపడేలా వంగి, రేడియోని పలక మీద, ఆ ఖాళీ పెట్టె పక్కనే పెట్టింది. వెనక మూత తీసి చూపించింది. లోపల రెండు సన్న సెల్సు, ఈ నెల మాస్టారు తెచ్చినవే, కాయితం గుర్తు కూడా చెదరకుండా ఉన్నాయి.

"మూడేళ్ళ నుంచీ ఈ రేడియో సెల్సు మార్చకుండా పాడుతోందంటే నమ్మేంత వెర్రిదానిలా ఉన్నానా నేను?" అంది సువార్తమ్మ. అని కొడుకు వైపు తిరిగింది. "నాకు మొదటి నెల్లోనే తెలుసు నాయనా. దానికి చెప్పుకోవాలని ఉంటే చెప్పుకుంటుందిలే అని ఊరుకున్నాను. అప్పట్నుంచీ ఎదురుగా వచ్చి మాట్లాడుతున్నాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పేను."

రూతు తెల్లబోయింది. అత్తగారి రేడియోలో సెల్సు మారుస్తున్నప్పుడు ఎవరూ చూడలేదనుకుంది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఎవ్వరూ తన వెనక నించి పిలవలేదని, పాలు పోసే వరహాలమ్మ కూడా చుట్టూ తిరిగొచ్చి ఎదురుగా నిలబడే మాట్లాడుతుందని, ఇప్పుడిప్పుడే ఆవిడకి తట్టింది.

"అయితే వెర్రివాణ్ణి నేనొక్కణ్ణేనన్నమాట," అన్నారు మాస్టారు.

సువార్తమ్మ ఏదో అనబోయింది. ఆయన చేత్తో వారించి, పలక మీద ఉన్న రెండూ పక్కకి తీసి, బలపం తీసుకున్నారు. ఈసారి మెల్లగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసేరు. నాకూ అనుమానం వచ్చింది. రెండేళ్ళ కిందటే వచ్చింది. అడిగితే నువ్వు నిజం చెప్తావని భయపడి అడగలేదు.

ఆ పలక రూతు తుడవనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. అత్తగారి ముందు అలా చెయ్యడం ఆ ఇంట్లో అలవాటు లేదు. సువార్తమ్మ రేడియో మూత బిగించుకుంటూ అటు తిరిగింది.

మాస్టారికి కోపం రాలేదని కాదు. వచ్చింది, కాని వేరే చోట వచ్చింది. పెట్టె సంగతి పోనీ, పరీక్ష సంగతేమిటి అని గట్టిగానే అడిగేరు. రూతు ఆ పడుచుపిల్ల వాడిన మొహం గురించి మళ్ళీ చెప్పబోతే ఆపేసేరు.

"నలుగురిలో ఒక చోటు నీకోసం ఆపి ఉంచేరు. దాన్ని మర్యాదకి పోగొట్టుకుంటావా?"

పోగొట్టుకోను అంది రూతు. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది. ఇప్పటిదాకా కావాలి అని పైకి అని ఎరగదు.

సువార్తమ్మకి మాత్రం ఒక సందేహం పట్టుకుంది. పలక మీద రాసినవన్నీ కొడుకు చేత మళ్ళీ చెప్పించుకుంది. పదిహేనేళ్ళలో ఇరవై తీగలవి వస్తాయిట కదా, ఒక తీగది పెట్టించుకుంటే ఆ చెవిలో రేపు మంచిది పెట్టడానికి వీలవుతుందో లేదో డాక్టరుగారికే రూఢిగా తెలీదంటున్నారు కదా, మాటే తెలియని యంత్రం కోసం చెవి కోయించుకోవడం ఎందుకు, ఆగరాదా అంది. పెద్దావిడ అన్నదాంట్లో తప్పేం లేదు. కోడలి మంచికే అంది.

"పదిహేనేళ్ళు ఆగితే నాకు మంచి యంత్రం వస్తుందండీ అత్తయ్యగారూ," అంది రూతు. "అప్పటికి ఇందిరకి ఇరవై రెండేళ్ళు. ఏడేళ్ళ పిల్ల గొంతు మాత్రం అప్పుడు దొరకదు కదండీ. మాట తెలియకపోతే మానె, అమ్మా అని అరిచిందని తెలిస్తే చాలు నాకు."

 సువార్తమ్మ లోపలికెళ్ళి కొడుకు పెన్నూ తెల్లకాయితాల పుస్తకం తెచ్చి కోడలి చేతికిచ్చింది. ఒకటే తీర్మానం చేసుకున్నారు. రూతు తన చేత్తో తెలుగులో రాస్తుంది, మాస్టారు కింద ఇంగ్లీషులోకి మారుస్తారు. రేపు పొద్దున్నే రాజోలు పోస్టాఫీసులో రిజిస్టరు చేసి, ముందుగా ఒక టెలిగ్రాం కూడా కొడతారు. ఎడమ చెవి పరీక్ష తప్పు, ఉత్తరం వస్తోంది, చోటు ఆపండి అని.

రూతు రాయడం మొదలుపెట్టింది. మహారాజశ్రీ డాక్టరుగారికి నమస్కారములు. మీ దగ్గర పరీక్ష రోజున నాకు ఏమీ వినపడలేదు. మీ దగ్గర పనిచేసే అమ్మాయి బాధపడుతుందని వేలెత్తేను. ఆ అమ్మాయిని ఏమీ అనకండి, తప్పు నాది. నా రెండు చెవుల్లోనూ ఏమీ లేదు. ఈసారి నా కళ్ళకి గంతలు కట్టి పరీక్ష చెయ్యండి.

ఈ చివరి వాక్యం చదివి మాస్టారు మొదటిసారి నవ్వేరు. రూతు కూడా నవ్వింది. ఎన్నాళ్ళకో ఛాతీ మీంచి బరువేదో దిగినట్టుంది ఆవిడకి. మెళ్ళో సంచి లేకపోవడం వల్ల కూడా కావచ్చు.

అంతలో ఇందిర వచ్చింది. సండే స్కూల్లో ఇచ్చిన రంగుబొమ్మ కార్డు చేత్తో పట్టుకుని, అరుగు చివర మెట్టు మీద, వాళ్ళకి పక్కమొహం కనిపించేలా కూర్చుంది. జడలకి కట్టిన రిబ్బను ఒకటి ఊడి వేలాడుతోంది. పిల్ల ఇంకా ముద్దుమాటలే ఆడుతుందని, స అనమంటే త అంటుందని, ఊళ్ళో అందరికీ ముచ్చట. ఆ ముచ్చట రూతుకి ఎవరో చెప్తే తెలియడమే. క్లాసులో పరధ్యానంగా ఉంటుందని, అందుకే ముందు బెంచీలో కూర్చోబెడుతున్నానని మాస్టారు ఎప్పుడో అన్నారు.

సువార్తమ్మ లేచి, అలవాటు ప్రకారం చుట్టూ తిరిగి, మెట్లు దిగి పిల్లకెదురుగా వెళ్ళి నిలబడింది. ఇద్దరి పెదాలూ రూతుకి పక్క నించి కనిపిస్తున్నాయి.

"ముందు అన్నం తింటావా, కాళ్ళు కడుక్కుంటావా?"

ఇందిర తలెత్తింది. మామ్మ కళ్ళలోకి చూడలేదు, నోటి వైపు చూసింది. మామ్మ నోరు ఇంకా మూయకముందే చక్కగా నవ్వి తలూపింది. ఆ చిన్న పెదాలు ఏమన్నాయో రూతుకి తెలిసింది.

"ఆయ్."

సువార్తమ్మ నవ్వేసి పిల్ల తల నిమిరింది. ఏదడిగినా ఆయ్ అంటుంది భడవా అనుకుంటూ అన్నం పెట్టడానికి లోపలికి నడిచింది. మాస్టారు ఉత్తరం మీద వంగి ఇంగ్లీషు మాటకోసం వెతుక్కుంటున్నారు.

రూతు చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ నవ్వు ఆవిడకి తెలుసు. అద్దాల గదిలో తను నవ్విన నవ్వే అది. ఎదుటి మనిషి మొహంలో ఏం కావాలో వెతికి, అదే తీసి ఇచ్చే నవ్వు. ఈ ఇంట్లో అందరూ ఎదురుగా వచ్చే మాట్లాడతారు. మూడేళ్ళుగా పిల్లని కూడా ఎవరూ వెనక నించి పిలవలేదు. ఆరో నెల నుంచీ పొడిపించుకున్న ఇంజెక్షన్లన్నీ తన ఒంట్లోనే ఆగిపోయేయనుకుంది. పాపని కూడా తీసుకురమ్మన్న డాక్టరుగారు, అది మర్యాదకి రాసి ఉండరు.

ఆవిడ మాస్టారి చెయ్యి పట్టుకుంది. ఆయన తలెత్తి, సంతకం పెట్టమన్నట్టు ఉత్తరం జరిపేరు. రూతు ఉత్తరం వైపు చూడలేదు.

"ఏవండీ, చెప్పులిప్పేసి అలా వెనగ్గా వెళ్ళి పిల్లని ఒక్కసారి పిలవండి," అంది. "నీడ దాని మీద పడకుండా నిలబడండి."

 ఆయన భార్య మొహం చూసేరు. చెప్పులు విడిచి, మెత్తగా అడుగులేసి, పిల్లకి నాలుగడుగుల వెనక నిలబడ్డారు. ఆయన పెదాలు కదిలేయి. ఇందిరా. ఇందిర రంగుబొమ్మ కార్డు మీద వేలుతో గీస్తోంది. మళ్ళీ కదిలేయి. ఆయన ఒకసారి రూతు వైపు తిరిగి చూసేరు. ఈసారి గట్టిగా పిలిచేరు, మెడనరాలు పొంగడం రూతుకి ఇక్కణ్ణుంచే కనిపించింది.

దండెం మీద కాకి ఉలిక్కిపడి ఎగిరిపోయింది. ఇందిర తల తిప్పలేదు.